లోపలి పేర్లకు లోపలి సర్వరే బదులివ్వాలి

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కళాశాలల్లో, ఆసుపత్రుల్లో, చిన్న కార్యాలయాల్లో, కొందరు ఇళ్ళలో కూడా సొంత నెట్‌వర్క్ కోసం సొంత డీఎన్ఎస్ సర్వర్ పెట్టుకుని, అది ఒకసారి పలికి మరొకసారి పలకకపోవడంతో విసిగి రాసిన ఉత్తరాలవి. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తం చేసి, అవసరమైన వివరాలు మాత్రమే ఉంచాము.

ఈ అంశాన్ని కొత్తగా చదివేవారికి ఒక మాట చెప్పాలి. పేరు చెబితే ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థనే డీఎన్ఎస్ అంటారు. అది రాకముందు, ఇంటర్నెట్‌కు ముందు నడిచిన ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఒక ఫైలులో ఉండేవి, అందరూ దాని ప్రతిని తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి మోయలేని భారమైనప్పుడు, 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ వ్యవస్థను రూపొందించారు. పేర్లను జోన్లుగా విడగొట్టి, ఏ జోన్‌కు ఎవరు బాధ్యులో వారే దాని గురించి బదులిచ్చే ఏర్పాటు అది. ఈ నెల వచ్చిన చిక్కుల్లో ఎక్కువ భాగం, బాధ్యత లేనివారిని పేరు అడగడం వల్ల వచ్చినవే.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల ల్యాబులో 60 కంప్యూటర్లు ఉన్నాయి. ఉబుంటు యంత్రం మీద బైండ్ సాఫ్ట్‌వేర్‌తో డీఎన్ఎస్ సర్వర్ పెట్టాను. దాని అడ్రసు 192.168.10.5. గ్రంథాలయ పుస్తకాల జాబితా ఉన్న యంత్రానికి ‘లైబ్రరీ.కాలేజ్.ఇంటర్నల్’ అని పేరు పెట్టాను. ఉదయం పేజీ అన్ని కంప్యూటర్లలోనూ తెరుచుకుంటుంది. ల్యాబు మొదలైన అరగంటకు కొన్నింటిలో ‘సైటు దొరకలేదు’ అని వస్తుంది. ఏ రోజు ఏ కంప్యూటర్‌లో వస్తుందో చెప్పలేకపోతున్నాను. ఐపీ అడ్రసు కొడితే మాత్రం పేజీ వస్తుంది. యంత్రాలకు ఐపీ, డీఎన్ఎస్ అడ్రసులను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీలో మొదటి డీఎన్ఎస్‌గా మా సర్వర్‌ను ఇచ్చాను. అది ఆగిపోయినా ఇంటర్నెట్ నడవాలన్న ఉద్దేశంతో రెండవదిగా గూగుల్ బహిరంగ డీఎన్ఎస్ సర్వరైన 8.8.8.8ను ఇచ్చాను. ఇప్పటికి రెండుసార్లు సర్వర్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. దయచేసి దారి చూపగలరు.
ల్యాబు నిర్వాహకుడు, నరసరావుపేట

జవాబు: మూడోసారి ఇన్‌స్టాల్ చేయకండి. మీ సర్వర్‌లో లోపం లేదనడానికి ఆధారాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఐపీ అడ్రసు కొడితే పేజీ వస్తోందంటే కేబుళ్ళు, స్విచ్చి, వెబ్ సర్వర్ అన్నీ బాగున్నట్టే, చిక్కు పేరు నుంచి అడ్రసుకు వెళ్ళే ఆ ఒక్క మెట్టు దగ్గరే ఉంది. ఇక పేర్లూ అడ్రసులూ రాసి ఉంచే జోన్ ఫైలులో తప్పుంటే అది అన్ని యంత్రాలకూ అన్ని వేళలా తప్పుగానే కనిపించాలి. కొన్నింటికి, కొన్ని వేళల్లో మాత్రమే కనబడే తప్పు చాలాసార్లు ఒకే సర్వర్‌లో ఉండదు. ఒకే ప్రశ్నకు ఇద్దరు వేర్వేరుగా బదులిస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. మీ నెట్‌వర్క్‌లో ఆ ఇద్దరు ఎవరో మీరే రాశారు.

దీన్ని కళ్ళారా చూడండి. లినక్స్ యంత్రం ముందు కూర్చుని, డిగ్ అనే కమాండుతో అదే పేరును రెండుసార్లు అడగండి: మొదటిసారి ‘ఎట్’ గుర్తు పక్కన 192.168.10.5 అని, రెండోసారి 8.8.8.8 అని ఇచ్చి. మొదటిదానికి స్టేటస్ దగ్గర ‘నోఎర్రర్’ అని, ఫ్లాగుల వరుసలో ‘ఏఏ’ అని కనబడుతుంది. ఈ జోన్‌కు నేనే బాధ్యుణ్ణి అని సర్వర్ చెప్పడమే ఆ ‘ఏఏ’కి అర్థం. కింద మీ లైబ్రరీ యంత్రం అడ్రసు ఉంటుంది, పట్టిన సమయం 0 లేదా 1 మిల్లీసెకను ఉంటుంది. రెండోదానికి స్టేటస్ ‘ఎన్ఎక్స్‌డొమైన్’ అని వస్తుంది, అంటే అలాంటి పేరే లేదని. జవాబు భాగం ఖాళీగా ఉండి, దాని కింద ‘ఏ.రూట్-సర్వర్స్.నెట్’ అనే మాటతో, జోన్ వివరాలు చెప్పే ఎస్‌ఓఏ రికార్డు ఒకటి కనబడుతుంది. మీ కళాశాల ప్రశ్న అన్ని పేర్లకూ పైన ఉండే ప్రపంచపు మూల జోన్ దాకా వెళ్ళి, అక్కడ లేదనిపించుకుని తిరిగొచ్చిందన్నమాట.

ఇందులో ఆ బయటి సర్వర్ తప్పేమీ లేదు. మీ ఊళ్ళో అందరికీ తెలిసిన రావిచెట్టు సందును పొరుగు జిల్లా పోస్టాఫీసులో అడిగితే అలాంటి వీధి లేదనే చెబుతారు, వారికి తెలిసినంతలో అది నిజం కూడా.

రెండో డీఎన్ఎస్ గురించి చాలామందిలో ఉన్న ఒక అపోహ మీ నెట్‌వర్క్‌ను ఇబ్బంది పెడుతోంది. మొదటి సర్వర్‌కు తెలియని పేర్లను రెండోది చెబుతుందని, రెండోదానికి తెలియకపోతే మళ్ళీ మొదటిదాన్ని అడుగుతారని అనుకుంటారు. నిజానికి కంప్యూటర్ రెండో సర్వర్ దగ్గరకు వెళ్ళేది మొదటిది మౌనంగా ఉన్నప్పుడు. లేదు అన్న మాట కూడా పూర్తి జవాబే, అది ఎవరి నోట వచ్చినా ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది. విండోస్ యంత్రం మొదటి సర్వర్ కోసం సుమారు 1 సెకను ఎదురుచూసి రెండోదాన్ని అడుగుతుంది. లినక్స్‌లో పాత పద్ధతిలో నడిచే ప్రోగ్రాములైతే 5 సెకన్లు ఆగుతాయి. కొత్త ఉబుంటులో ఉండే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ఒకసారి రెండో సర్వర్‌కు మారిందంటే, అది విఫలమయ్యేదాకా దాన్నే పట్టుకుని ఉంటుంది. మీ ల్యాబులో 60 యంత్రాలు ఒక్కసారిగా ఆన్ అయి, ఒక్కొక్కటీ పదుల కొద్దీ పేర్లు అడిగే సమయంలో ఒక యూడీపీ ప్యాకెట్ (చేరిందో లేదో చూసుకోకుండా పంపే చిన్న సందేశం) దారిలో పోయినా, బయటి పేరు ఒకటి తెచ్చి ఇవ్వడం మీ సర్వర్‌కు కాస్త ఆలస్యమైనా, ఆ యంత్రం బయటి సర్వర్ వైపు తిరుగుతుంది. తరువాత విద్యార్థి లైబ్రరీ పేజీ అడిగేసరికి లేదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ తరువాత అది ఎందుకు వదలదు అన్న సందేహం మీకు రావచ్చు. దొరికిన అడ్రసులను గుర్తుంచుకున్నట్టే, లేదన్న మాటను కూడా కొంతకాలం క్యాష్‌లో, అంటే తాత్కాలిక జ్ఞాపకంలో, దాచుకోవాలన్న నియమం డీఎన్ఎస్‌లో ఉంది. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2308 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని స్పష్టపరిచింది. ఎంతసేపు దాచుకోవచ్చో ఎస్‌ఓఏ రికార్డులోని చివరి అంకె చెబుతుంది. మూల జోన్‌లో ఆ అంకె 86400 సెకన్లు, అంటే ఒక రోజు. చాలా ప్రోగ్రాములు అంతకంటే తక్కువ సమయానికే పరిమితం చేసుకుంటాయి గాని, తరగతి గది కాలం గడిచిపోవడానికి ఆ కాస్త సమయం చాలు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండుకు డిస్‌ప్లేడీఎన్ఎస్ అన్న మాట చేర్చి కొడితే, ఆ పేరు ఎదురుగా ‘నేమ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని దాచుకున్న వరుసను మీరే చదవవచ్చు. ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడితే అది తుడిచిపెట్టుకుపోతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పేర్లు అడిగి చూసే ఎన్ఎస్‌లుకప్ కమాండు ఈ క్యాష్‌ను చూడదు, నేరుగా మొదటి సర్వర్‌ను అడుగుతుంది. బ్రౌజర్‌లో పేజీ రాని యంత్రంలోనే ఎన్ఎస్‌లుకప్ సరైన అడ్రసు చెబుతుంటే చూసి, చాలామంది బ్రౌజర్‌ను అనుమానించి దాన్ని తీసి మళ్ళీ పెడుతుంటారు. అది వృథా శ్రమ.

ఇప్పుడు చేయవలసిన మార్పు చిన్నదే. డీహెచ్‌సీపీలో 8.8.8.8ను తీసివేసి, అన్ని యంత్రాలకూ మీ సర్వర్ అడ్రసు ఒక్కటే ఇవ్వండి. బయటి పేర్లను అడిగి తెచ్చే పని మీ సర్వర్‌దే కావాలి. బైండ్‌లో ఫార్వర్డర్స్ అనే వరుసలో ఆ బయటి అడ్రసును రాయండి, అది ఉండవలసిన చోటు అదే. ఒక్క సర్వరే ఉంటే అది ఆగిన రోజు అంతా ఆగిపోతుందన్న మీ భయం న్యాయమైనదే. దానికి విరుగుడు మీ జోన్ గురించి తెలిసిన రెండో సర్వర్‌ను లోపలే పెట్టుకోవడం. ల్యాబులో పక్కన పెట్టిన పాత కంప్యూటర్ ఒకటి చాలు. దాన్ని సెకండరీగా అమర్చితే మొదటి సర్వర్ నుంచి జోన్ ప్రతిని తనే తెచ్చుకుంటుంది. ఈ ప్రతి టీసీపీ (ప్రతి ముక్కా చేరిందని చూసుకునే పద్ధతి) మీద వస్తుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును యూడీపీకి మాత్రమే తెరిచి ఊరుకోకండి, టీసీపీకి కూడా తెరవాలి. పెద్ద జవాబులు యూడీపీలో పట్టనప్పుడు యంత్రాలు టీసీపీలోనే మళ్ళీ అడుగుతాయి.

రెండో సర్వర్ పెట్టిన తరువాత మీరు తప్పక అలవాటు చేసుకోవలసింది సీరియల్ నంబరు పెంచడం. జోన్ ఫైలు మార్చిన ప్రతిసారీ ఎస్‌ఓఏ రికార్డులోని సీరియల్ నంబరు పెరగాలి, పెరిగితేనే సెకండరీ కొత్త ప్రతిని తెచ్చుకుంటుంది. తేదీతో పాటు ఆ రోజు ఎన్నో మార్పో చేర్చి, 2025061401 అన్నట్టుగా రాయడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ప్రింటర్ అడ్రసు మార్చి ఈ నంబరు మార్చడం మరిచిపోయారు. సగం మందికి పాత అడ్రసు, సగం మందికి కొత్త అడ్రసు వస్తూ ఉంటే రెండు రోజుల పాటు ప్రింటర్‌నే విప్పి చూశారు. చివరకు రెండు సర్వర్లనూ ఎస్‌ఓఏ అడిగి రెండు నంబర్లను పక్కపక్కన రాసుకుంటే తేడా అంతా ఆ కాగితం మీదే కనబడింది. కొందరికి ఒకలా, కొందరికి మరోలా జవాబు వస్తోందని వినగానే నేను ఇప్పటికీ మొదట చేసేది ఆ పనే.

జోన్ ఫైలులో పూర్తి పేరు చివర చుక్క పెట్టడం కూడా మరిచిపోకండి. చుక్క లేకపోతే బైండ్ ఆ పేరుకు జోన్ పేరును మళ్ళీ తగిలించి ‘లైబ్రరీ.కాలేజ్.ఇంటర్నల్.కాలేజ్.ఇంటర్నల్’ అని చదువుకుంటుంది. సర్వర్‌ను మళ్ళీ లోడ్ చేసే ముందు నేమ్డ్-చెక్‌జోన్ అనే పరికరంతో ఫైలును ఒకసారి సరిచూసుకోండి. అది వ్యాకరణ దోషాలను పట్టుకుంటుంది గాని చుక్క లేని ప్రతి పేరునూ పట్టుకుంటుందన్న హామీ లేదు. కాబట్టి కొత్తగా రాసిన వరుసను డిగ్‌తో అడిగి చూడటం మంచిది.

ప్రశ్న: మా సర్వర్ కూడా బైండ్ మీదే నడుస్తోంది. కొత్త భవనం కోసం 192.168.20 వరుసలో వేరే నెట్‌వర్క్ ఏర్పాటు చేశాము. అక్కడి యంత్రాలకు లోపలి పేర్లు చక్కగా వస్తున్నాయి, బయటి వెబ్‌సైట్ల పేర్లు మాత్రం ‘రెఫ్యూజ్డ్’ అంటున్నాయి. పాత భవనంలో రెండూ వస్తున్నాయి. ఫైర్‌వాల్ పూర్తిగా తీసి చూసినా ఫలితం లేదు.
నెట్‌వర్క్ టెక్నీషియన్, హనుమకొండ

జవాబు: ఫైర్‌వాల్‌ను వెంటనే తిరిగి పెట్టండి. ఫైర్‌వాల్ అడ్డుపడితే సాధారణంగా మౌనమే ఎదురవుతుంది, ‘రెఫ్యూజ్డ్’ అన్న మాట రాదు. ఆ మాట అన్నది మీ సర్వరే. ప్రశ్న తనకు చేరిందని, కానీ మీకు చెప్పడం తనకు ఇష్టం లేదని దాని అర్థం.

వేరే ఏర్పాటు చేయనప్పుడు బైండ్ తన సొంత జోన్ గురించి అడిగిన అందరికీ చెబుతుంది. బయటి పేర్లను వెతికి తెచ్చే సేవను మాత్రం తనకూ, తాను నేరుగా కలిసి ఉన్న నెట్‌వర్కులకూ పరిమితం చేసుకుంటుంది. కొత్త భవనం రూటర్ అవతల ఉంది కాబట్టి బైండ్ లెక్కలో పరాయిది. అలౌ-రికర్షన్ వరుసలో పాత నెట్‌వర్కులతో పాటు 192.168.20.0/24ను కూడా చేర్చి మళ్ళీ లోడ్ చేస్తే సరిపోతుంది. తొందరలో అక్కడ ‘ఎనీ’ అని రాయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎప్పుడైనా ఆ సర్వర్ ఇంటర్నెట్‌కు తెరుచుకుంటే, ఎవరో మూడో వ్యక్తి మీద జవాబుల వరద కురిపించడానికి దాడి చేసేవారు మీ సర్వర్‌ను వాడుకుంటారు.

ప్రశ్న: మా ఆడిటింగ్ కార్యాలయంలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద అన్‌బౌండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడాదిగా వాడుతున్నాము. సంక్రాంతి సెలవులకు నాలుగు రోజులు అన్నీ ఆపి ఊళ్ళకు వెళ్ళాము. తిరిగి వచ్చి ఆన్ చేస్తే ఏ వెబ్‌సైటూ తెరుచుకోలేదు. అన్ని పేర్లకూ ‘సర్వ్‌ఫెయిల్’ (సర్వర్ జవాబు చెప్పలేకపోయిందన్న సందేశం) వస్తోంది. బయటి ఐపీ అడ్రసులకు పింగ్ మాత్రం బాగా వెళ్తోంది. ఎవరూ ఏమీ మార్చలేదు. రీస్టార్ట్ చేసినా అదే వరస.
కార్యాలయ సహాయకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ఎవరూ ఏమీ మార్చలేదన్న మీ మాట నిజమే, మారినది తేదీ. ఆ రాస్ప్‌బెర్రీ పైలో టెర్మినల్ తెరిచి డేట్ అని కొట్టండి. సెలవులకు ముందు మీరు ఆపిన రోజు తేదీయే అక్కడ కనబడుతుందని నా నమ్మకం.

మన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో కరెంటు లేకపోయినా గడియారం నడవడానికి నాణెం ఆకారంలో చిన్న బ్యాటరీ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4లోనూ అంతకుముందు వాటిలోనూ ఆ ఏర్పాటు లేదు. ఆపేటప్పుడు సమయాన్ని కార్డులో రాసుకుని, మళ్ళీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లెక్క మొదలుపెడుతుంది. నెట్ దొరికాక సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది. రోజూ రాత్రి ఆపి ఉదయం ఆన్ చేసినంత కాలం ఆ తేడా మీకు తెలియలేదు.

అన్‌బౌండ్‌కు తేదీతో పనేమిటంటే, అది డీఎన్ఎస్‌సెక్ సంతకాలను, అంటే జవాబు అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ గుర్తులను, సరిచూస్తుంది. మూల జోన్‌కు 2010 జూలై నుంచి ఈ సంతకాలు ఉన్నాయి. ప్రతి సంతకం మీదా ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది, బ్యాంకు చెక్కు మీద తేదీ ఉన్నట్టే. ఇంకా రాని తేదీ వేసిన చెక్కును బ్యాంకు ఎలా తిప్పి పంపుతుందో, నాలుగు రోజులు వెనుకబడిన గడియారం ఉన్న యంత్రం నేటి సంతకాన్ని అలాగే తిప్పి పంపుతుంది. కొద్ది గంటల తేడాను అన్‌బౌండ్ సర్దుకుంటుంది గాని నాలుగు రోజుల తేడాను సర్దుకోలేదు. మూల జోన్ సంతకమే చెల్లనప్పుడు దాని కింద ఉన్న పేర్లేవీ చెల్లవు, అందుకే అన్నింటికీ ‘సర్వ్‌ఫెయిల్’ వస్తోంది.

గడియారం తనంతట తాను ఎందుకు సరికాలేదన్నది ఇందులో అసలు ముడి. సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌ను మీ యంత్రం పేరుతో వెతుకుతుంది. ఆ పేరుకు అడ్రసు కావాలంటే అన్‌బౌండ్ పలకాలి. అన్‌బౌండ్ పలకాలంటే సమయం సరిగా ఉండాలి. ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అలాగే కూర్చుంటాయి.

నిర్ధారణ కోసం డిగ్ కమాండుకు ‘ప్లస్ సీడీ’ చేర్చి ఏదైనా పేరు అడగండి. సంతకాలు చూడకుండానే చెప్పమని దాని అర్థం. అలా అడిగితే అడ్రసు వచ్చి, మామూలుగా అడిగితే ‘సర్వ్‌ఫెయిల్’ వస్తే దోషం సంతకాల సరిచూపులోనే ఉన్నట్టు. ప్రస్తుతానికి డేట్ కమాండుతో సమయాన్ని చేత్తో సరిచేసి అన్‌బౌండ్‌ను రీస్టార్ట్ చేస్తే ఆఫీసు పని మొదలవుతుంది. శాశ్వత పరిష్కారానికి రెండు దారులున్నాయి. మీ రూటర్‌కు ఎన్‌టీపీ సర్వర్‌గా పనిచేసే సౌకర్యం ఉంటే, రాస్ప్‌బెర్రీ పైకి రూటర్ అడ్రసును అంకెల్లోనే ఇవ్వండి, అప్పుడు పేరు వెతకవలసిన పనే ఉండదు. లేదంటే డీఎస్ 3231 అనే గడియారపు మాడ్యూల్‌ను బ్యాటరీతో సహా కొని పిన్నులకు తగిలించండి. నేను రెండోదానికే మొగ్గుతాను, ఎందుకంటే అది మరొక యంత్రం మీద ఆధారపడదు. రాస్ప్‌బెర్రీ పై 5కు మారే ఆలోచన ఉంటే అందులో గడియారం బోర్డు మీదే ఉంటుంది, బ్యాటరీని మాత్రం విడిగా కొని అమర్చాలి. ఈ చిక్కుకు విసిగి డీఎన్ఎస్‌సెక్‌ను పూర్తిగా ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. దొంగ జవాబుల నుంచి మీ కార్యాలయాన్ని కాపాడుతున్నది అదే.

ప్రశ్న: మా నర్సింగ్ హోములో రోగుల ల్యాబు రిపోర్టులు చూసేందుకు లోపలి పేజీ ఉంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. రిసెప్షన్‌లోని కంప్యూటర్లకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. డాక్టర్ల ఫోన్లలో మాత్రం, వైఫైకి కలిసి ఉన్నా, కొందరికి ఆ పేజీ రాదు. కొందరికి ఒకసారి వచ్చి ఒకసారి రాదు.
ఐటీ బాధ్యుడు, భీమవరం

జవాబు: అసలు రానివారిని, వచ్చీ రానివారిని వేరు చేసి చూడండి, రెంటికీ కారణాలు వేరు.

ఎప్పుడూ రానివారి ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అన్న చోటికి వెళ్ళి చూడండి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సదుపాయం ఉంది. అది ‘ఆటోమేటిక్’‌లో ఉంటే మీ సర్వర్‌తోనే 853వ పోర్టులో రహస్య పద్ధతిలో మాట్లాడటానికి ప్రయత్నించి, కుదరకపోతే మామూలు పద్ధతికి వస్తుంది. దానివల్ల ఇబ్బంది లేదు. ప్రకటనలు ఆపడం కోసమో మరెందుకో అక్కడ ఏదైనా బయటి సంస్థ సర్వర్ పేరు టైపు చేసి ఉంటే, ఫోను ప్రతి పేరునూ ఆ సర్వర్‌నే అడుగుతుంది, మీరిచ్చిన అడ్రసును పట్టించుకోదు. కంప్యూటర్లలో కొన్ని బ్రౌజర్లు కూడా ఇలాగే తమ సొంత డీఎన్ఎస్‌ను వాడుకోగలవు. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను అలా మారకుండా ఉండాలంటే ‘యూజ్-అప్లికేషన్-డీఎన్ఎస్.నెట్’ అనే పేరుకు మీ సర్వర్ లేదని జవాబిస్తే చాలు, నెట్‌వర్క్ యజమానుల కోసం ఉంచిన గుర్తు అది. వాడేవారు తామే ఆ సౌకర్యాన్ని ఎంచుకుని ఉంటే మాత్రం ఈ గుర్తు పనిచేయదు.

ఒకసారి వచ్చి ఒకసారి రాని ఫోన్ల విషయంలో నా అనుమానం ఐపీ అడ్రసుల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 మీద ఉంది. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన రూటర్ ఐపీవీ6ను కూడా పంచుతుంటే, అది క్రమం తప్పకుండా చేసే ప్రకటనలో తన డీఎన్ఎస్ అడ్రసును కూడా చెబుతుంది. మీరు డీహెచ్‌సీపీలో ఎంత జాగ్రత్తగా మీ సర్వర్ అడ్రసు ఇచ్చినా అది పాత పద్ధతి అయిన ఐపీవీ4 సంగతి మాత్రమే. ఫోను చేతిలో ఇప్పుడు రెండు డీఎన్ఎస్ అడ్రసులున్నాయి, అందులో ఒకదానికి మీ పేజీ గురించి తెలియదు. నరసరావుపేట వారి కథే ఇది, ఇక్కడ రెండో అడ్రసును మనం ఇవ్వలేదు, రూటర్ ఇచ్చింది. ఫోను వైఫై వివరాల పేజీలో డీఎన్ఎస్ వరుస చూస్తే అంకెలతో పాటు అక్షరాలు, జంట చుక్కలు ఉన్న పొడవాటి అడ్రసు కనబడుతుంది. రూటర్ ప్రకటనలో డీఎన్ఎస్ చెప్పే భాగాన్ని ఆపండి. ఆ సదుపాయం ఉంటే మీ సర్వర్‌కే స్థిరమైన ఐపీవీ6 అడ్రసు ఒకటి ఇచ్చి, ప్రకటనలో దాన్నే చెప్పించండి. రెండూ కుదరని రూటర్ అయితే, ఆసుపత్రి అవసరం కోసం వేరే మంచి రూటర్ కొనడానికి యాజమాన్యాన్ని ఒప్పించడం మేలు. రాత్రిపూట రిపోర్టు కోసం ఎదురుచూసే డాక్టరుకు ఈ పేజీ రావడం చిన్న విషయం కాదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాము. ఇంట్లో కుటుంబం ఫోటోలు దాచే పెట్టెకు డీఎన్ఎస్ సర్వర్‌లో ‘ఫోటోలు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టి, చివర ‘.లోకల్’ చేర్చాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో వెంటనే వస్తుంది. మా అమ్మాయి మ్యాక్‌లో చాలాసేపటికి వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. సర్వర్ లాగ్‌లో మ్యాక్ అడిగినట్టే ఉండటం లేదు.
ఒక పాఠకుడు, డాలస్

జవాబు: లాగ్ చూడటం చాలా మంచి పని చేశారు, జవాబు అక్కడే ఉంది. మ్యాక్ మీ సర్వర్‌ను అడగనే లేదు. ‘.లోకల్’ అనే ముగింపు మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కు కేటాయించినది. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6762 ప్రకారం ఆ ముగింపు ఉన్న పేరును సర్వర్‌ను అడగకుండా, 224.0.0.251 అనే అడ్రసుకు 5353వ పోర్టులో నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడగాలి. ఆ పేరు ఎవరిదో వారే బదులిస్తారు. ఆపిల్ యంత్రాలు ఈ నియమాన్ని గట్టిగా పాటిస్తాయి.

కాబట్టి పేరు మార్చుకోక తప్పదు. ఇంటికైతే ‘హోమ్.ఆర్పా’ అనే ముగింపును నేను సూచిస్తాను. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8375 దాన్ని ఇళ్ళ నెట్‌వర్కుల కోసమే కేటాయించింది. సంతకాలు సరిచూసే సర్వర్లు కూడా దాన్ని తిప్పి పంపకుండా పైస్థాయిలోనే ఏర్పాటు ఉంది. కార్యాలయాలకు ‘.ఇంటర్నల్’ బాగుంటుంది. ఆ ముగింపును ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వకుండా సొంత నెట్‌వర్కుల కోసం అట్టిపెట్టాలని, ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 2024 జూలైలో నిర్ణయించింది. మీ సొంతంగా కొన్న డొమైన్ ఉంటే దాని కింద ఒక ఉప పేరు పెట్టుకోవడం అన్నింటికంటే నిశ్చింత. నోటికి బాగుందని ఏదో ఒక ముగింపును మాత్రం సొంతంగా కల్పించుకోకండి. అలా ‘.డెవ్’ పెట్టుకున్నవారు ఎందరో ఉండేవారు. తరువాత ఆ ముగింపు నిజంగానే ఇంటర్నెట్‌లోకి వచ్చింది, 2017 డిసెంబరు నాటి క్రోమ్ 63 నుంచి ఆ పేర్లన్నింటికీ సురక్షిత కనెక్షన్ తప్పనిసరి కావడంతో వారి లోపలి పేజీలు ఉన్నట్టుండి తెరుచుకోకుండా పోయాయి.

మార్చేటప్పుడు పాత జోన్‌ను వెంటనే తీసివేయకండి. కొత్త పేరునూ పాత పేరునూ ఒకే అడ్రసుకు చూపించి కొన్ని వారాలు నడపండి. ఆ తరువాత మళ్ళీ మీ లాగ్ తెరిచి, పాత పేరు ఇంకా అడుగుతున్న యంత్రాల ఐపీ అడ్రసులు రాసుకోండి. టీవీలోనో, ఫోటోలను రాత్రిపూట కాపీ చేసే ప్రోగ్రాములోనో పాత పేరు మిగిలిపోయి ఉంటుంది. వాటిని సరిచేసి, వారం పాటు లాగ్‌లో ఆ పేరు రాకపోతే అప్పుడు పాత జోన్‌ను తీసివేయవచ్చు.